ఉప్పు కన్న బిడ్డలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ వరండాలో చాప మీద పరుచుకుని చదివాను. ఒకరు కుళాయి నీటి వాసన గురించి అడిగారు, ఒకరు యూరియా గురించి, ఒక చిన్నపిల్ల రాకెట్టు పొగ గురించి. ఒకరి ఉత్తరం సంగతి మరొకరికి తెలియదు. అయినా అన్నిటి అడుగునా ఉన్నది మన వంటింటి ఉప్పే. ఉప్పునీటిలోకి కరెంటు పంపితే క్లోరిన్, హైడ్రోజన్, కాస్టిక్ సోడా ఒకే కాన్పులో పుడతాయి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి బయటికి వచ్చాక నాలుగేళ్లు ఒక కాస్టిక్ సోడా కర్మాగారం ప్రయోగశాలలో, ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు తాగునీటి శుద్ధి కేంద్రాల్లో కెమిస్టుగా పనిచేశాను. ఈ మూడింటితోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: ఉదయం కుళాయి తిప్పగానే నీళ్లు ఘాటుగా వాసన వేస్తున్నాయి. ఎండాకాలంలో మరీ ఎక్కువ. క్లోరిన్ విషవాయువని, యుద్ధంలో మనుషులను చంపడానికి వాడారని మా అబ్బాయి చదివి చెప్పాడు. దాన్నే మా చేత తాగిస్తున్నారా?
– ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి చదివింది నిజమేనమ్మా. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలివాటు చూసి వదిలింది. మీ కుళాయిలో ఉన్నదీ ఆ క్లోరినే. అయితే ఎంత ఉందో చూడండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఇంటి కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మీ పదిహేను లీటర్ల బిందెకు లెక్క వేస్తే 3 మిల్లీగ్రాములు. ఒక చిన్న రాళ్లుప్పు పలుకు అంతకంటే బరువు తూగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి లీటరుకు 5 మిల్లీగ్రాములు.

ఆ కాస్త ఎందుకు మిగలాలో చెబుతాను. కల్యాణి డ్యామ్ నీళ్లయినా, తెలుగుగంగ నీళ్లయినా ముందు పటిక వేసి మట్టిని అడుక్కు దించుతారు, ఇసుక పడకల గుండా వడకడతారు, ఆ తర్వాత క్లోరిన్ కలుపుతారు. శుద్ధి కేంద్రం గడప దాటేటప్పుడు ఆ నీళ్లు నిక్షేపంగా ఉంటాయి. అక్కడి నుంచి మీ వీధి దాకా ఉన్న పైపు మురుగు కాలువ పక్కనే పోతుంది. నీటి సరఫరా ఆగిన గంటల్లో పైపు ఖాళీ అయి, ఎక్కడ చిన్న బీట ఉన్నా చుట్టూ ఉన్న తడిని లోపలికి లాగుతుంది. అప్పుడు నీటికి కాపలాగా ఉండేది ఆ మిగులు క్లోరిన్ ఒక్కటే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు క్లోరోస్కోప్ పెట్టె సంచిలో వేసుకుని, ప్రతి పైపు చివరి ఇంటి కుళాయి దగ్గరకూ వెళ్లేదాన్ని. నీటిలో నాలుగు చుక్కల మందు వేస్తే లేత పసుపు రావాలి. వస్తే క్లోరిన్ అక్కడి దాకా చేరినట్టు. రాకపోతే ఆ వీధి పిల్లల కడుపుల గురించి నాకు బెంగ పట్టుకునేది. వాసన వస్తోందని ఫిర్యాదు చేసిన ఇంటి గురించి నేను ఎప్పుడూ అంత బెంగపడలేదు.

వాసన ఘాటుగా ఉన్నంత మాత్రాన క్లోరిన్ ఎక్కువ వేశారని అనుకోవద్దు. నీటిలో అమ్మోనియా వంటి మలినాలుంటే క్లోరిన్ వాటితో కలిసి క్లోరమీన్లు అవుతుంది. వాటి వాసన శుభ్రమైన నీటిలోని క్లోరిన్ వాసన కంటే ఘాటు. ఎండాకాలంలో జలాశయం అడుగంటి నీళ్లు చిక్కబడతాయి, మోతాదూ పెంచవలసి వస్తుంది. నీళ్లను వెడల్పు మూతి గిన్నెలో పోసి కొన్ని గంటలు వదిలేస్తే వాసన తగ్గుతుంది, కాచినా తగ్గుతుంది. అయితే వాసనతో పాటు కాపలా కూడా పోయింది కనుక ఆ నీళ్లపై మూత పెట్టి, ఆ రోజుకు ఆ రోజే వాడేయండి. మా అమ్మ బిందె అడుగున చిల్లగింజ అరగదీసేది. చిల్లగింజ మట్టిని దించుతుంది, నీళ్లు అద్దంలా తేరుకుంటాయి. క్రిములను మాత్రం అది చంపలేదు. అద్దంలా ఉన్న నీటిలోనూ కలరా ఉండగలదు.

మీరు అడగకపోయినా మరొక మాట చెప్పాలి. స్నానాల గది కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద యాసిడ్ పోయకండి. బ్లీచింగ్ పౌడర్ అంటే తడి సున్నానికి పట్టించిన క్లోరిన్. యాసిడ్ తగలగానే ఆ క్లోరిన్ అంతా వాయువై లేస్తుంది. తలుపు మూసి ఉన్న నాలుగడుగుల గదిలో వంగి కూర్చుని రుద్దుతున్న మనిషికి అది సూటిగా ముఖానికి కొడుతుంది. ఈ సంగతి మీ ఇంట్లో పని చేసే అమ్మాయికి కూడా తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: పాఠ్యపుస్తకంలో ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ అంటే ఒక సమీకరణం, ఒక బొమ్మ. నిజమైన కర్మాగారంలో ఎలా ఉంటుంది మేడమ్? అంత క్లోరిన్ ఎవరు కొంటారు? హైడ్రోజన్‌ను గాలిలోకి వదిలేస్తారా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి, చిత్తూరు

జవాబు: మీ ప్రశ్న చదవగానే సెల్ హౌస్‌లో ఉండే ఆ సన్నని హోరు మళ్లీ చెవిన పడింది బాబూ. పొడవాటి రేకుల షెడ్డులో వరుసగా పదుల కొద్దీ సెల్స్, అంటే ఉప్పునీటిలోకి కరెంటు పంపే తొట్లు ఉంటాయి. ఒక్కో సెల్‌కు కావలసిన ఒత్తిడి సుమారు మూడు వోల్టులే, టార్చిలైటులోని రెండు బ్యాటరీలంత. కరెంటు మాత్రం వేల ఆంపియర్లు. ఆ ప్రవాహం చుట్టూ ఉండే అయస్కాంత బలానికి చేతి గడియారాలు ఆగిపోయేవి, అందుకని గేటు దగ్గరే తీసి పెట్టేవాళ్లం. ఉంగరం కూడా అక్కడే తీసేవాళ్లం, అయితే దానికి కారణం వేరు. అవి పాదరసపు సెల్స్ రోజులు. నేల మీద అక్కడక్కడా పాదరసం పూసలు మెరుస్తూ కనిపించేవి. అది బంగారాన్ని తాకితే బంగారం తెల్లబడి పెళుసవుతుంది. బంగారానికే అలా అయితే రోజూ అక్కడ గాలి పీల్చే మనుషుల సంగతి ఏమిటన్న ప్రశ్న అప్పట్లో మాలో కొందరికే వచ్చింది. మన దేశపు పరిశ్రమ 2012 నాటికి దాదాపుగా పాదరసాన్ని వదిలి పొర సెల్స్‌కు మారింది. అది నాకు పండుగ లాంటి వార్త.

పొర సెల్‌లో క్లోరిన్ పుట్టే వైపునూ కాస్టిక్ సోడా పుట్టే వైపునూ ఒక పాలిమర్ పొర వేరు చేస్తుంది. సోడియం అయాన్లకు మాత్రమే అది దారి ఇస్తుంది. మహా నాజూకైన పొర. లోపలికి వచ్చే ఉప్పునీటిలో కాల్షియం, మెగ్నీషియం కలిపి వంద కోట్ల వంతుల్లో ఇరవై వంతులు దాటితే మూసుకుపోతుంది. సముద్రపు ఉప్పును అంత శుభ్రం చేయడమే ఆ కర్మాగారంలో సగం పని.

ఇప్పుడు లెక్క చూడండి. ఒక టన్ను క్లోరిన్ పుడితే దానితో పాటు దాదాపు 1.13 టన్నుల కాస్టిక్ సోడా, 28 కిలోల హైడ్రోజన్ పుట్టి తీరతాయి. ఈ నిష్పత్తిని ఏ యజమానీ మార్చలేడు, అది అణుభారాల లెక్క. ఈ పరిశ్రమ కష్టమంతా ఇందులోనే ఉంది. కాస్టిక్ సోడా సబ్బుకు, కాగితానికి, బాక్సైట్ నుంచి అల్యూమినా తీయడానికి, బట్టలకు కావాలి. దాన్ని ట్యాంకుల్లో నింపి ఉంచుకోవచ్చు. క్లోరిన్‌ను అలా ఎక్కువగా నిల్వ చేయకూడదు, ప్రమాదం. అందువల్ల క్లోరిన్ కొనేవారు తగ్గిన రోజున, సోడాకు ఎంత గిరాకీ ఉన్నా సెల్స్ నెమ్మదించాలి. క్లోరిన్ తీసుకుపోయేవారికి కర్మాగారమే ఎదురు డబ్బిచ్చిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. మార్కెట్టు గురించి ఏ అర్థశాస్త్ర పాఠంలోనూ నేను ఇంత స్పష్టంగా నేర్చుకోలేదు.

క్లోరిన్‌లో అతి పెద్ద వాటా పైపులు చేసే పీవీసీ ప్లాస్టిక్‌కు పోతుంది. తాగునీటికి వెళ్లేది చాలా చిన్న భాగం. మిగతాది ఎక్కడికి పోతుందో కంటికి కనబడదు, ఎందుకంటే చాలా చోట్ల క్లోరిన్ మధ్యలో వచ్చి పని చేసి వెళ్లిపోతుంది. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్‌నే తీసుకోండి. దాన్ని తయారు చేసే ఒక ప్రధాన మార్గంలో ముందు బెంజీన్‌కు క్లోరిన్‌ను తగిలిస్తారు, దానికి నైట్రో సమూహాన్ని, అంటే నత్రజని, ఆక్సిజన్ కలిసిన ముక్కను చేరుస్తారు. తర్వాత కాస్టిక్ సోడాతో ఆ క్లోరిన్‌ను ఊడదీస్తారు. హైడ్రోజన్‌తో నైట్రోను అమైన్‌గా మారుస్తారు. చివరికి ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌తో పని ముగుస్తుంది. మాత్రలో క్లోరిన్ పరమాణువు ఒక్కటీ ఉండదు, కానీ ఉప్పు కన్న ముగ్గురు బిడ్డల చేతులూ దాని మీద పడ్డాయి. సిలికాన్ కథ కూడా అలాంటిదే. ముడి సిలికాన్‌ను హైడ్రోజన్ క్లోరైడ్‌తో ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవంగా మార్చి, మరిగించి శుద్ధి చేసి, హైడ్రోజన్ సాయంతో మళ్లీ సిలికాన్‌గా రాబడతారు. శ్రీసిటీలో బిగించే ఫోన్ల లోపలి చిప్పులకూ, మేడల మీద కనిపించే సౌర ఫలకాలకూ కావలసిన మేలిమి సిలికాన్ ఈ దారిలోనే వస్తుంది.

హైడ్రోజన్ సంగతికి వస్తున్నాను. వదిలేయరు బాబూ. కొంత క్లోరిన్‌లోనే మండించి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేస్తారు. కొలిమి గాజు కిటికీలోంచి ఆ మంట చూసినప్పుడు, గంట క్రితం కరెంటు పెట్టి విడదీసిన వాటిని మళ్లీ కలుపుతున్నామే అనిపించేది. మన రాయలసీమలో కర్నూలు పక్కన గొందిపర్లలో కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారవుతాయి. అదే సంస్థ ఆముదానికి హైడ్రోజన్ పట్టించిన ఉత్పత్తులనూ తయారు చేస్తుంది. హైడ్రోజన్ పట్టిన ఆముదం మైనంలా గట్టిపడుతుంది, బండ్ల చక్రాలకు వాడే గ్రీజుకు పనికొస్తుంది. మన ఎర్రనేలల్లో పండే ఆముదాన్నీ ఉప్పునూ కలిపి ఇంత దూరం తీసుకువెళ్లిన పని గురించి పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యమైనా ఉండాలని నా కోరిక. వనస్పతి తయారీ కూడా ఇదే విద్య: నికెల్ ఉత్ప్రేరకం మీద నూనెకు హైడ్రోజన్ పట్టించడం. అందులో పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటు. అందుకే 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2 శాతానికి మించనివ్వడం లేదు.

ప్రశ్న: బోరు నీళ్ల వల్ల డ్రిప్పు రంధ్రాల్లో తెల్లగా గట్టుకట్టి మూసుకుపోతున్నాయి. ఒకరు యాసిడ్ పంపమంటారు, ఒకరు బ్లీచింగ్ కలపమంటారు. రెండూ ఒకేసారి పంపితే పని తొందరగా అవుతుందా అమ్మా? మరొకటి, ఇకపై యూరియాను హరిత హైడ్రోజన్‌తో చేస్తారని టీవీలో చెప్పారు. యూరియాకూ హైడ్రోజన్‌కూ ఏమిటి సంబంధం?
– టమాట రైతు, పలమనేరు

జవాబు: అయ్యా, రెండూ ఎన్నడూ కలపకండి. ఒకే తొట్టిలో కాదు, ఒకే రోజు కూడా వద్దు. పైన కొర్లగుంట అమ్మకు చెప్పిన ప్రమాదమే, కాకపోతే మీ తొట్టి పెద్దది. తెల్లటి గట్టు కాల్షియం లవణానిది, అది యాసిడ్‌కు కరుగుతుంది. పచ్చటి పాచి, బంకగా ఉండే పొర అయితే క్లోరిన్‌కు చస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి మీకు కావలసింది యాసిడ్. నీళ్లలో యాసిడ్ పోయాలి గాని యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పని అయ్యాక పైపుల చివరి మూతలు విప్పి శుభ్రమైన నీళ్లు పారించండి. పాచి కోసం క్లోరిన్ కావలసి వస్తే మరొక రోజున వేరే తొట్టితో చేయండి.

ఆ నీళ్లు పారే పీవీసీ పైపును ఒకసారి చేత్తో ఎత్తి చూడండి. దాని బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్, అంటే ఉప్పు నుంచి వచ్చినది.

యూరియా మాటకు వస్తే, దానిలోని నత్రజని గాలిలోనిదే. గాలిలో అయిదింట నాలుగు వంతులు నత్రజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. 1909లో ఫ్రిట్జ్ హేబర్ దానికి హైడ్రోజన్‌ను జోడించి అమ్మోనియా చేసి చూపించాడు. కార్ల్ బాష్ ఆ పద్ధతిని కర్మాగారం స్థాయికి పెంచాడు, 1913లో జర్మనీలోని ఒప్పావులో ఉత్పత్తి మొదలైంది. ఇనుప ఉత్ప్రేరకం, నాలుగైదు వందల డిగ్రీల వేడి, గాలి ఒత్తిడికి 150 నుంచి 250 రెట్ల ఒత్తిడి. ఈ మూడూ ఉంటే గాని నత్రజని లొంగదు.

మీ 45 కిలోల బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20.7 కిలోలు. ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి దాదాపు నాలుగున్నర కిలోల హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు ఆ హైడ్రోజన్‌లో అత్యధిక భాగాన్ని సహజవాయువును నీటి ఆవిరితో కలిపి తీస్తున్నారు, ఆ పనిలో బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తుంది. హరిత హైడ్రోజన్ అంటే ఎండతోనో గాలితోనో పుట్టిన కరెంటును నీటిలోకి పంపి తీసినది. కిలో హైడ్రోజన్‌కు సుమారు 50 యూనిట్ల కరెంటు, 9 లీటర్ల నీరు పడతాయి. ఆ లెక్కన మీ ఒక్క బస్తా వెనుక 220 యూనిట్ల కరెంటు. మీ అయిదు హెచ్‌పీ మోటారు రెండు రోజులకు పైగా ఆపకుండా తిరిగితే అయ్యే ఖర్చు అది.

కేంద్రం 2023 జనవరిలో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. మన రాష్ట్రంలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. కార్లు, బస్సులు హైడ్రోజన్‌తో నడుస్తాయని ఎక్కువగా వింటున్నాం. నా అభిప్రాయం వేరు. హైడ్రోజన్ మహా తేలిక. బండిలో పెట్టాలంటే గాలి ఒత్తిడికి 350 నుంచి 700 రెట్లకు కుదించాలి. ఎరువుల కర్మాగారంలో అయితే పుట్టిన చోటే వాడుకోవచ్చు. ఈ హైడ్రోజన్ ముందు చేరవలసింది మీ పొలానికేనని నేను నమ్ముతాను.

ప్రశ్న: బెల్లంలో హైడ్రోస్ వేస్తారంటున్నారు. అది హైడ్రోజనేనా?
– ఒక ఉద్యోగిని, చిత్తూరు

జవాబు: కాదమ్మా, పేరులోనే ఆ పోలిక. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్. దాని అణువులో సోడియం, గంధకం, ఆక్సిజన్ ఉంటాయి, హైడ్రోజన్ అసలే ఉండదు. బట్టలకు రంగులద్దే చోట దానికి గౌరవమైన స్థానం ఉంది. బెల్లపు పెనంలో దానికి పని లేదు. చెరకు రసంలోని మడ్డిని తేర్చడానికి బెండ జిగురు వేసే పద్ధతి మనకు ఉంది. అలా వండిన బెల్లం ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పసుపుపచ్చగా మెరిసే దిమ్మ కోసమే కొనేవాళ్లు వెతుకుతుంటే వండేవాడు హైడ్రోస్ వేయక ఏం చేస్తాడు? ముదురు రంగు బెల్లం అడిగి కొనండి.

తెల్లదనం మీద మోజు మనిషికి పాతదే. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు ఇప్పటికీ బట్టను పేడ నీటిలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి తెలుపు చేస్తారు. ఐరోపాలోనూ ఒకప్పుడు బట్టను నెలల తరబడి గడ్డి మీద ఎండకు పరిచేవారు. 1785లో బెర్తొలే క్లోరిన్‌తో బట్ట తెల్లబడుతుందని చూపాడు, 1799లో చార్లెస్ టెనెంట్ బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంటు పొందాడు. నెలల పని గంటల్లోకి వచ్చింది. క్లోరిన్ పరిశ్రమ పుట్టింది చలువ బట్ట కోసమే.

ప్రశ్న: మా ఊరి నుంచి రాకెట్టు బాగా కనిపిస్తుంది. కింద పెద్ద తెల్లటి పొగ వస్తుంది. రాకెట్టు పై భాగంలో హైడ్రోజన్ మండుతుందని, దాని పొగ వట్టి నీటి ఆవిరేనని మా టీచరు చెప్పారు. మరి ఆ తెల్లటి పొగ ఏమిటి?
– ఏడో తరగతి విద్యార్థిని, సూళ్లూరుపేట

జవాబు: చిట్టితల్లీ, మీ టీచరు చెప్పింది సరిగ్గా ఉంది, నీ ప్రశ్న ఇంకా బాగుంది. 2023 జూలై 14న చంద్రయాన్-3ను తీసుకెళ్లిన ఎల్వీఎం3 రాకెట్టును గుర్తు తెచ్చుకో. దానికి రెండు పక్కలా రెండు లావు గొట్టాలుంటాయి. ఒక్కో దానిలో 200 టన్నులకు పైగా ఘన ఇంధనం ఉంటుంది. రబ్బరు లాంటి పదార్థంలో అల్యూమినియం పొడి, అమ్మోనియం పర్‌క్లోరేట్ కలిపి పోత పోసినది అది. ఈ పర్‌క్లోరేట్‌ను ఉప్పునీటి నుంచే కరెంటు సాయంతో మెట్టు మెట్టుగా తయారు చేస్తారు. ఒక క్లోరిన్ పరమాణువు నాలుగు ఆక్సిజన్ పరమాణువులను మోసుకుని ఉంటుంది. మండడానికి కావలసిన ఆక్సిజన్ అదే ఇస్తుంది. కేరళలోని ఆలువాలో ఇస్రోకు దీని కోసమే ఒక కర్మాగారం ఉంది. అది మండినప్పుడు అల్యూమినియం తెల్లటి బూడిదై ఎగురుతుంది, క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారి గాలిలోని తేమతో కలిసి పొగమంచులా కనిపిస్తుంది. నువ్వు చూసిన తెల్లటి మేఘం అదే. అందుకే ఆ పొగ తగలకుండా మనుషులను దూరంగా ఉంచుతారు.

పై అంచెలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ కలిపి సుమారు 28 టన్నులు ఉంటాయి. హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీల చలి కావాలి, ఆక్సిజన్‌కు 183 డిగ్రీలు చాలు. అంత చల్లటి ద్రవాన్ని పంపు చేసి మండించే ఇంజను చేయడానికి మన శాస్త్రవేత్తలకు చాలా ఏళ్లు పట్టింది. 2010 ఏప్రిల్‌లో మొదటి ప్రయత్నం విఫలమైంది. 2014 జనవరి 5న, సాయంత్రం 4 గంటల 18 నిమిషాలకు జీఎస్ఎల్వీ లేచినప్పుడు నేను మీ ఊళ్లోనే బంధువుల మేడ మీద ఉన్నాను. తెల్లటి పొగ చూసి పక్కవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. హైడ్రోజన్ మండే సమయం అప్పటికి ఇంకా రాలేదని, అది కంటికి కనిపించనంత పైన జరుగుతుందని నాకు తెలుసు. రేడియో చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందన్న మాట విన్నాకే లేచి నిలబడ్డాను. తల్లీ, ఈసారి రాకెట్టు లేచినప్పుడు కింద ఉన్న క్లోరిన్‌ను చూడు, పైన ఉన్న హైడ్రోజన్‌ను తలుచుకో.

ప్రశ్న: మా ఆయనకు ఈ మధ్యే ఒక నీటి పథకంలో క్లోరిన్ గదిలో ఆపరేటర్ పని దొరికింది. రాత్రి పాళీ ఎక్కువ. ఇంటికి వస్తే చొక్కాకు ఆ వాసన ఉంటుంది. నాకు భయంగా ఉంది. ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక సోదరి, పుత్తూరు

జవాబు: అమ్మా, ఈ నెల ఉత్తరాలన్నిటిలో నేను ఎక్కువసార్లు చదివింది నీదే. నా భయాన్ని కూడా నీతో పంచుకుంటాను.

1990ల మొదట్లో నేను పనిచేసిన ఒక శుద్ధి కేంద్రంలో అర్ధరాత్రి దాటాక టన్నర్ వాల్వు దగ్గర క్లోరిన్ కారింది. టన్నర్ అంటే 900 కిలోల ద్రవ క్లోరిన్ పట్టే పసుపు రంగు ఇనుప డబ్బా. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున వేస్తే ఒక్క టన్నర్ 45 కోట్ల లీటర్ల నీటిని శుద్ధి చేస్తుంది. ఆ రాత్రి గది బయట మెట్ల కింద వాచ్‌మన్ చాప మీద పడుకుని ఉన్నాడు. క్లోరిన్ గాలి కంటే రెండున్నర రెట్లు బరువు. అది మెట్ల మీంచి నీళ్లు జారినట్టు జారి అతని మీదికే వచ్చింది. దగ్గుతూ లేచి గేటు వైపు పరుగెత్తాడు. గేటు పల్లంలో ఉంది, వాయువూ అటే పోతోంది. గాలి సిలిండరు ఉన్న మాస్కు క్లోరిన్ గది లోపలి గోడకు వేలాడుతోంది, అక్కడికి ఎవరూ వెళ్లలేని స్థితి. ఆపరేటర్ తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని పరుగెత్తి, వాచ్‌మన్ చెయ్యి పట్టుకుని వడపోత పడకల మెట్ల మీదుగా పైకి లాక్కెళ్లాడు. వాచ్‌మన్ బతికాడు. ఆ తర్వాత ఎప్పుడు మెట్లెక్కినా మధ్యలో ఆగి దగ్గేవాడు. మర్నాడు పొద్దున మాస్కును బయటి గోడకు మార్చాం. ఒక మేకు కొట్టే పని. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ మేకు ముందు రోజే ఎందుకు కొట్టలేదని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను, ఎందుకంటే ఆ మాస్కు లోపల ఉండడం నేను చాలాసార్లు చూశాను.

ఇప్పుడు మీ ఆయనకు చెప్పవలసినవి చెబుతాను. టన్నర్ మార్చేటప్పుడు ఒంటరిగా ఉండకూడదు, రెండో మనిషి కావాలి. మార్చిన ప్రతిసారీ కొత్త సీసపు వాషరు వేయాలి, పాతది మళ్లీ వాడకూడదు. కారుతోందేమోనని అనుమానం వస్తే ముక్కు పెట్టి చూడవద్దు. అమ్మోనియా నీటి సీసాను, లేదా అందులో తడిపిన గుడ్డ చుట్టిన పుల్లను జాయింటు దగ్గరకు తీసుకెళ్తే తెల్లటి పొగ లేస్తుంది, కారే చోటు అదే. కారే చోట నీళ్లు పోయకూడదు. నీటితో కలిసి ఆమ్లమై ఇనుమును తినేస్తుంది, చిన్న రంధ్రం పెద్దదవుతుంది. ద్రవం కారుతుంటే టన్నర్‌ను దొర్లించి ఆ రంధ్రం పైకి వచ్చేలా చేస్తారు. ద్రవం ఒక పాలు బయటికి వస్తే దాదాపు 450 పాళ్ల వాయువు అవుతుంది కనుక, వాయువు మాత్రమే పోయేలా చేయడం మేలు. అయితే ఆ పని శిక్షణ ఉండి, మాస్కు వేసుకున్నవారు చేయాలి. గదిలో గాలి తోడే ఫ్యాను నేలకు దగ్గరగా ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. పారిపోవలసి వస్తే గాలి వచ్చే వైపుకు, ఎత్తుకు పోవాలి. ఎప్పుడూ పల్లానికి పోకూడదు. రాత్రి పాళీలో నిద్ర వచ్చినా నేల మీద పడుకోకూడదు.

చొక్కాకు వాసన అంటిందని రాశావు. ఎప్పుడో ఒకసారి అయితే టన్నర్ మార్చేటప్పుడు పట్టి ఉండవచ్చు. రోజూ ఉంటే మాత్రం ఎక్కడో సన్నగా కారుతున్నట్టు. ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది, ఆయనకు తెలియకపోవచ్చు. నీకు తెలుస్తోంది కనుక నీ ముక్కు మాట వినమని చెప్పు.

ఈ రోజు ఆయన రాగానే అన్నం పెట్టి, మాస్కు ఏ గోడకు వేలాడుతోందో అడుగు. లోపలి గోడకు అంటే నాకు వెంటనే రాయి. ఆ పథకం బాధ్యులకు నేనే ఉత్తరం రాస్తాను.